లోపలి వాళ్ల కోసం బయట

ఉగాది రోజు, రాత్రి తొమ్మిది దాటింది. పోలీసు స్టేషన్ గేటుకు ఎదురుగా, రోడ్డుకు ఆవల మూసేసిన జిరాక్స్ షాపు మెట్ల మీద ముప్పై మంది దాకా కూర్చున్నాం. అది 2025 మార్చి 30. కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టడానికి జేసీబీలు దిగాయని తెలిసి అడ్డం వెళ్లిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులను యాభై మందికి పైగా వ్యాన్లలో ఎక్కించి వేర్వేరు స్టేషన్లకు పంపేశారు. ఎవరు ఎక్కడున్నారో చెప్పేవాళ్లు లేరు. ఒక లాయరమ్మ రూళ్ల నోటుబుక్కులో రాసుకుంటోంది: పేరు, తండ్రి పేరు, ఊరు, చదివే కోర్సు, ఆఖరుసారి ఎవరితో ఫోన్లో మాట్లాడారు. ఆమె రాస్తుంటే సెల్‌ఫోన్ లైటు పట్టుకోవడం నా పని. పక్కన ఎవరో స్టీలు డబ్బాలో తెచ్చిన పులిహోరను కాగితం ప్లేట్లలో సర్దుతున్నారు, లోపలికి పంపనిస్తారేమోనని.

నల్గొండ వైపు నుంచి ఒక తండ్రి బస్సెక్కి వచ్చాడు. పండక్కి తొడుక్కున్న కొత్త చొక్కా మడతలు ఇంకా పోలేదు. గేటు దగ్గర కానిస్టేబుల్‌కు దండం పెట్టి, "సార్, మా బిడ్డ లోపలున్నదట. ఒక్కపారి మొకం సూపియ్యుండ్రి" అన్నాడు. కానిస్టేబుల్ కసురుకోలేదు. "అరెస్టు కాదు పెద్దమనిషీ, అదుపులకు తీస్కున్నరంతే. పంపిస్తరు, కూసో" అన్నాడు.

అరెస్టుకీ అదుపుకీ మధ్య సందు చాలా ఇరుకు. కానీ మన దేశంలో ఎంతోమంది రాత్రులు ఆ సందులోనే గడిచిపోయాయి. అరెస్టయితే కారణం చెప్పాలి, 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. రాజ్యాంగం 22వ అధికరణం చెప్పేది అదే. అరెస్టు మెమో రాయాలనీ, ఇంటివాళ్లకు కబురు చేయాలనీ 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. 'అదుపు' అన్న మాట వాడేసరికి ఈ కాగితాలేవీ పుట్టవు. కాగితం పుట్టనిచోట, మనిషి లోపల ఉన్నాడనడానికి సాక్షులు గేటు బయట కూర్చున్నవాళ్లే. ఆ నోటుబుక్కు పేజీ విలువ నాకు ఆ రాత్రి తెలిసింది.

నేల కోసం, నీటి కోసం, చెట్టు కోసం జైలుకెళ్లినవాళ్ల గురించి మనం ఎంతో కొంత చెప్పుకున్నాం. వాళ్ల కోసం బయట నిలబడ్డవాళ్ల గురించి అంతగా చెప్పుకోలేదు. వందేళ్లు వెనక్కి తిరిగి చూస్తే, ఈ రెండో వరుస తోడు లేకుండా మొదటి వరుస ఎక్కువకాలం నిలబడ్డ చోటు నాకు ఒక్కటీ కనిపించదు.

మన దగ్గర ఈ కథ పల్నాడులో మొదలుపెట్టాలి. నల్లమల అంచు పల్లెల్లో తరతరాలుగా పశువులు అడవిలోనే మేసేవి. తెల్లదొరల అటవీ శాఖ ఆ మేతకు పుల్లరి కట్టమంది. కట్టకపోతే పశువుల్ని తోలుకెళ్లి బందెలదొడ్డిలో పెట్టేది. ఆ పోరాటంలో మొదట నిర్బంధంలోకి వెళ్లినవి ఆవులూ ఎద్దులే. పాలిచ్చే గొడ్డు దొడ్డిలో అరుస్తుంటే ఇంటి ఆడవాళ్లు ఎలా ఊరుకుంటారు? 1921 నాటికి పల్నాడు ఊళ్లకు ఊళ్లు పుల్లరి కట్టబోమన్నాయి. అధికారులకు నిప్పూ నీళ్లూ బందు చేశాయి. ఆ రైతులకు అండగా నిలవడానికి గుంటూరు నుంచి వెళ్లినవారిలో ఉన్నవ లక్ష్మీనారాయణ ఒకరు. ఆయన బారిస్టరు. పుల్లరి కట్టాల్సిన పశువు ఆయనకొక్కటీ లేదు. అయినా వెళ్లాడు, అరెస్టయ్యాడు. రాయవేలూరు జైల్లో కూర్చుని 'మాలపల్లి' రాశాడు. ఆ నవలను సర్కారు నిషేధించింది. తెలుగు నవలా చరిత్ర పుస్తకాల్లో 'జైల్లో రాసిన నవల' అని ఒక ముక్కలో తేల్చేస్తారు. ఆయన ఆ జైలుకు ఎందుకు వెళ్లాడో కూడా ఆ పక్కనే రాయాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. పరాయి ఊరి పశువుల మేత కోసం వెళ్లాడాయన. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు మనిషి కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు నేలకొరిగాడు. పల్నాడు ఉద్యమం ఆ దెబ్బతో కుంగిపోయింది. హనుమంతు పేరు మిగిలింది, పాటల్లో, బుర్రకథల్లో, ఊళ్లలో నిలిపిన విగ్రహాల్లో.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా అటవీ చట్టాల పట్టు సడలలేదు. గఢ్వాల్ కొండల్లో 1974 మార్చి 26న రేణి ఊరి మగవాళ్లంతా నష్టపరిహారం తీసుకోవడానికి చమోలీ వెళ్లిన సమయం చూసి కాంట్రాక్టరు మనుషులు గొడ్డళ్లతో అడవిలోకి వచ్చారు. గౌరాదేవి, ఆమె వెంట పాతిక మందికి పైగా ఆడవాళ్లు చెట్లకు అడ్డం నిలబడ్డారు. చిప్కో కథలో అందరికీ తెలిసిన ఘట్టం ఇది. నాకు అందులో ఇంకో సంగతి ముఖ్యం. అడవిని కొట్టాలంటే ముందు దాని మనుషుల్ని అక్కడినుంచి దూరంగా జరపాలి. రేణిలో ఆ పని పరిహారం డబ్బు చేసింది. మరోచోట లాఠీ చేస్తుంది, వ్యాను చేస్తుంది. 1979 జనవరిలో బడియార్‌గఢ్ అడవిలో నిరాహార దీక్షకు కూర్చున్న సుందర్‌లాల్ బహుగుణను రాత్రికి రాత్రి ఎత్తుకెళ్లి జైల్లో పెట్టారు. మనిషిని తీసేస్తే గొడ్డలికి దారి దొరుకుతుందనుకున్నారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చెట్ల కాపలాకు తరలివచ్చారు, నరుకుడు సాగలేదు.

నర్మదలో ఇదే మరింత పెద్ద ఎత్తున జరిగింది. 1990 డిసెంబరులో సర్దార్ సరోవర్ ఆనకట్ట వైపు నడిచిన వేల మందిని గుజరాత్ సరిహద్దు ఫెర్కువా దగ్గర ఆపేశారు. తాము గొడవకు రాలేదని చూపించడానికి సత్యాగ్రహులు తమ చేతులు తామే తాళ్లతో కట్టుకుని ముందుకు నడిచారు. వాళ్లతో నడిచినవారిలో వృద్ధుడైన బాబా ఆమ్టే ఉన్నాడు. ఆ శీతాకాలం తర్వాతే ప్రపంచ బ్యాంకు తను అప్పిచ్చిన ప్రాజెక్టు మీద స్వతంత్ర విచారణ వేయక తప్పలేదు. 1993లో బ్యాంకు ఆ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది. ఆనకట్ట మాత్రం లేచింది. ఊళ్లు మునిగాయి. ఆ మాట చెప్పకుండా నర్మద గురించి గొప్పలు చెప్పడం నాకు చేతకాదు.

ఈ పద్ధతి మన దేశానికే సొంతం కాదు. ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మానియా దీవిలో ఫ్రాంక్లిన్ నదిని ముంచే జలవిద్యుత్ ఆనకట్ట కడతామన్నారు. 1982 డిసెంబరు 14 నుంచి జనం రబ్బరు పడవల్లో వెళ్లి నదిలో యంత్రాల బార్జీలకు అడ్డంపడ్డారు. ఆ వేసవిలో (అక్కడ డిసెంబరు వేసవే) 1,200 మందికి పైగా అరెస్టయ్యారు. బెయిలు ఇస్తాం, మళ్లీ ఆ ప్రాంతానికి రామని రాసివ్వండి అని మెజిస్ట్రేట్లు అడిగారు. వందల మంది ఆ షరతుకు ఒప్పుకోక జైలునే కోరుకున్నారు. నది దగ్గరికి రాననే కాగితం మీద సంతకం పెట్టడమంటే నదిని వదులుకోవడమేనని వాళ్ల ఉద్దేశం. ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉన్నారు. వైద్యుడైన బాబ్ బ్రౌన్ అలా జైలుకెళ్లి 1983 జనవరి 4న విడుదలై, మరునాడే టాస్మానియా శాసనసభలో సభ్యుడిగా కూర్చున్నాడు. మార్చిలో దేశంలో ప్రభుత్వం మారింది. జులై 1న అక్కడి హైకోర్టు నలుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా తీర్పిచ్చి ఆనకట్టను ఆపింది. ఫ్రాంక్లిన్ ఈరోజుకీ ఆనకట్ట లేకుండా పారుతోంది.

నైరోబీ సంగతి వేరు, నా మనసుకు ఇంకా దగ్గర. వంగారి మాథాయి 1977 నుంచి పల్లె ఆడవాళ్లతో మొక్కలు నాటిస్తూ వచ్చింది. 1989లో ఉహురు పార్కులో అరవై అంతస్తుల భవనం కడతామంటే ఒంటరిగా ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, ఎగతాళి పడి, చివరికి ఆ భవనాన్ని ఆపింది. 1992 ఫిబ్రవరి చివర్లో అదే పార్కులోకి కొందరు తల్లులు వచ్చి కూర్చున్నారు. వాళ్ల కొడుకులు రాజకీయ ఖైదీలు. వంగారికి వాళ్లు రక్త సంబంధీకులు కారు. ఆమె వాళ్లతో పాటు నిరాహార దీక్షకు కూర్చుంది. నాలుగు రోజుల్లోనే, మార్చి 3న, పోలీసులు బాష్పవాయువుతో, లాఠీలతో విరుచుకుపడ్డారు. వంగారి స్పృహ తప్పి ఆసుపత్రి పాలైంది. ముసలి తల్లులు తమ ఒంటి మీది బట్టలు తీసేసి పోలీసుల ఎదుట నిలబడ్డారు. ఆఫ్రికాలో చాలా సమాజాల్లో అది తల్లి పెట్టే శాపం. తర్వాత ఆ తల్లులు పక్కనున్న ఆల్ సెయింట్స్ చర్చిలోకి వెళ్లి దాదాపు ఏడాది పాటు అక్కడే ఉన్నారు. 1993 మొదట్లో కొడుకులు బయటికొచ్చారు. మొక్కలు నాటే మనిషి ఖైదీల తల్లుల మధ్య ఎందుకు కూర్చుందని అడిగేవాళ్లకు ఆమె జీవితమే జవాబు. గొంతు విప్పినవాడికి సంకెళ్లు పడే దేశంలో చెట్టుకు మాత్రం రక్షణ ఎక్కడిది?

అన్నిచోట్లా ఇలా జరగలేదు. నైజీరియాలో చమురు తవ్వకాలతో తన ఒగోనీ నేల పాడైపోయిందని లక్షల మందిని శాంతియుతంగా కదిలించిన రచయిత కెన్ సారో-వివా కోసం ఎన్నో దేశాల్లో జనం కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డారు. 1995 నవంబరు 10న అక్కడి సైనిక ప్రభుత్వం ఆయన్నూ మరో ఎనిమిది మందినీ ఉరితీసింది. బయట నిలబడ్డవాళ్ల చేతుల్లో కొవ్వొత్తులు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి.

తిరిగి మన గడ్డకు వస్తాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటలకూ సముద్రానికీ నడుమ బీల ఉంటుంది. వానాకాలంలో నీళ్లు నిండి చేపలిస్తుంది, నీరు తగ్గితే గడ్డీ వరీ ఇస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల ఎత్తిపోతలకు ఆధారం అదే. కాగితాల్లో మాత్రం దాన్ని పనికిరాని నేలగా చూపించి, 2008లో 1107 నంబరు జీవోతో సోంపేట దగ్గర 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రానికి కట్టబెట్టారు. పర్యావరణ పరిరక్షణ సంఘం రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టింది. పట్నంలో వైద్యం చేసే డాక్టరు, బీల గట్టున గేదెలు మేపే మనిషి ఒకే పందిట్లో కూర్చున్నారు. 2010 జులై 14న యంత్రాలు పోలీసు బందోబస్తుతో బీలలోకి దిగాయి. కాల్పులు జరిగాయి. రైతుల ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ కబురు ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే అన్న మాట సోంపేటలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఎనిమిది నెలలు తిరక్కుండా, 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర మరో థర్మల్ కేంద్రం విషయంలో మళ్లీ తూటాలు పేలాయి, మళ్లీ ప్రాణాలు పోయాయి.

కాల్పులప్పుడు రాష్ట్రమంతా శ్రీకాకుళం వైపు చూసింది. నాయకులొచ్చారు, టీవీ వ్యాన్లొచ్చాయి. విశాఖలో ఉంటున్న మాజీ ఐఏఎస్ అధికారి ఈ.ఏ.ఎస్. శర్మ ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు, మానవ హక్కుల వేదికవాళ్లు ఊరూరా తిరిగి జరిగింది నమోదు చేశారు. ఆ తర్వాత మిగిలినవి కేసులు. వందల మంది మీద పెట్టిన ఆ కేసులు ఏళ్ల తరబడి నడిచాయి.

2013లో ఒక వాయిదా రోజున నేను అక్కడి ఒక కోర్టు వరండాలో కూర్చున్నాను. నా పక్కన ఒక పెద్దాయన. చేతిలో పాల ప్యాకెట్ కవరు. అందులో రేషన్ కార్డు, ఆధార్, వాయిదా తారీఖులు రాసుకున్న సిగరెట్ పెట్టె అట్ట. అట్టకు రెండువైపులా తారీఖులు నిండిపోయి, అంచుల్లో అడ్డంగా రాసుకొస్తున్నాడు. "కోత కోసే రోజులు బాబూ. ఇయ్యాల కూలోళ్లు దొరికినారు. నానేమో ఇక్కడ కూకున్నాను" అన్నాడు. మధ్యాహ్నం రెండున్నరకు బంట్రోతు పేరు పిలిచాడు. ఆయన లోపలికెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మరో తారీఖు ఇచ్చారు. బయటికొచ్చి అట్ట తిప్పి తిప్పి ఖాళీ వెతికాడు. నా దగ్గరున్న విజిటింగ్ కార్డు వెనకవైపు చూపించి ఇస్తే దాని మీద రాసుకున్నాడు. ఆ రోజు ఆ వరండాలో బీల రైతులు ఇరవై మంది ఉన్నారు. బయటి ఊళ్లనుంచి వచ్చినవాళ్లం ఇద్దరం.

ఆ లెక్క నన్ను ఇప్పటికీ వదల్లేదు. 2015లో ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసినప్పుడు గెలిచామని అందరం పండగ చేసుకున్నాం. అప్పటికి ఐదేళ్లుగా వాళ్లు కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. అరెస్టయిన రోజు కన్నా, పదో వాయిదా రోజు మనిషికి తోడు ఎక్కువ కావాలి. ఛార్జీలకు డబ్బుండదు, కూలి పోతుంది, కొడుకు పాస్‌పోర్టుకు పెట్టుకుంటే పోలీసు విచారణలో తండ్రి కేసు బయటికొస్తుంది. ఇవన్నీ కలిపితేనే శిక్ష. తీర్పు రాకముందే అనుభవించే శిక్ష.

గత కొన్నేళ్లలో పట్నాలు కూడా ఈ వరుసలోకి వచ్చాయి. 2019 అక్టోబరు 4 రాత్రి ముంబయి ఆరే కాలనీలో మెట్రో కార్ షెడ్డు కోసం చెట్లు నరకడం మొదలైంది. అడ్డుకున్న 29 మందిని అరెస్టు చేసి జైలుకు పంపారు. సుప్రీంకోర్టు ఆపమని చెప్పేసరికి అక్టోబరు 7. అప్పటికి రెండు వేలకు పైగా చెట్లు పడిపోయాయి. 2021 ఫిబ్రవరిలో రైతు ఉద్యమానికి సంబంధించిన ఒక టూల్‌కిట్ కేసులో దిశా రవిని బెంగళూరు నుంచి ఢిల్లీకి పట్టుకెళ్లారు. పది రోజుల తర్వాత బెయిలొచ్చింది. మన తెలుగు రాష్ట్రాల్లో ఇంకో అలవాటుంది: ఊరేగింపుకు ముందురోజు రాత్రే ఇంటి ముందు ఇద్దరు పోలీసుల్ని కూర్చోబెడతారు. వారెంటూ లేని, కాగితమూ లేని గృహనిర్బంధం. 2019లో నల్లమలలో యురేనియం వద్దంటూ చెంచుల దగ్గరికి బయల్దేరిన ప్రొఫెసర్ కోదండరాం లాంటివాళ్లను దారిలోనే ఆపి అదుపులోకి తీసుకున్నారు. ఆ సెప్టెంబరులోనే తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఏ మాట అన్నందుకు దారిలో ఆపారో, ఆ మాటే సభ తీర్మానమైంది.

లద్దాఖ్ నుంచి 2024 సెప్టెంబరు 1న సోనమ్ వాంగ్‌చుక్‌తో కలిసి నూటయాభై మంది దాకా కాలినడకన ఢిల్లీకి బయల్దేరారు. తమ కొండలకు, మంచు నదులకు రాజ్యాంగం ఆరో షెడ్యూలు రక్షణ కావాలన్నారు. గిరిజన ప్రాంతాలకు అలాంటి రక్షణే ఇచ్చే ఐదో షెడ్యూలు మాట ఎంత బలమైనదో 1997 సమత తీర్పు చూసిన తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. గాంధీ జయంతికి రాజ్‌ఘాట్ చేరాలని నడిచినవాళ్లను సెప్టెంబరు 30 రాత్రి సింఘు దగ్గర అదుపులోకి తీసుకున్నారు. తర్వాత లద్దాఖ్ భవన్ దగ్గర దీక్ష సాగుతుంటే, అక్టోబరు 13 ఆదివారం నాడు వాళ్లతో కాసేపు మౌనంగా కూర్చుందామని వచ్చిన ఢిల్లీవాసులను కూడా పోలీసు బస్సుల్లో ఎక్కించారు. నినాదం లేదు, బ్యానరు లేదు. పక్కన కూర్చోవడమే నేరమైంది. ఏడాది తిరిగేసరికి, 2025 సెప్టెంబరు 24న లేహ్‌లో గొడవలు చెలరేగి నలుగురు చనిపోయారు. రెండు రోజులకు వాంగ్‌చుక్‌ను జాతీయ భద్రతా చట్టం కింద పట్టుకుని జోధ్‌పూర్ జైలుకు పంపారు. చలికొండల మనిషిని ఎడారి అంచుకు.

కంచ గచ్చిబౌలి దగ్గరికి మళ్లీ వస్తాను. 1969, 1972 ఉద్యమాల తర్వాత వచ్చిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో ఆ విశ్వవిద్యాలయం పుట్టింది. దాదాపు 2,300 ఎకరాలు ఇచ్చారు. అందులో 400 ఎకరాలు 2003లో ఒక క్రీడా సంస్థకు వెళ్లి, 2006లో రద్దయి, పద్దెనిమిదేళ్లు కోర్టుల్లో నలిగి, చివరికి ప్రభుత్వం చేతికొచ్చి వేలానికి సిద్ధమైంది. కాగితం మీద అది ఎప్పుడూ అడవి కాదు. నేల మీద జింకలున్నాయి, నెమళ్లున్నాయి, నక్షత్ర తాబేళ్లున్నాయి, మష్రూమ్ రాక్ అని విద్యార్థులు పిలుచుకునే గుండు ఉంది. ఆ వారం వరసగా సెలవులు. యంత్రాలు రాత్రిళ్లు కూడా లైట్లు వేసుకుని పనిచేశాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని పని ఆపించింది. ఆ నెల 16న, కొట్టేసిన వంద ఎకరాలను తిరిగి ఎలా పెంచుతారో చెప్పమని ప్రభుత్వాన్ని అడిగింది. విద్యార్థుల మీద కేసులు ఎత్తేస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

మన వైపు తప్పొకటి ఇక్కడే చెప్పాలి. ఏఐతో తయారుచేసిన జింకల, నెమళ్ల బొమ్మలను నిజమనుకుని చాలామంది పంచుకున్నారు. నిజం అంత బలంగా కళ్లముందుంటే అబద్ధపు బొమ్మ దేనికి? దానివల్ల, లోపలున్నవాళ్ల మాట కూడా అనుమానంలో పడింది. కేసులు పెట్టడానికి ఇంకో సాకు దొరికింది.

ఇంకో సంగతి. ఐదారు రోజుల్లో దేశం కదిలిందంటే హైదరాబాద్ కావడం వల్ల, పిల్లల చేతుల్లో ఫోన్లుండటం వల్ల. బీలకు ఆ భాగ్యం లేదు. వాయిదా వరండాలో మేమిద్దరమే ఉండటానికి కారణం కూడా అదే.

ఉగాది రాత్రి ఒక్కొక్కరినే వదలడం మొదలుపెట్టారు. లాయరమ్మ ఒక్కో పేరు పక్కన టిక్కు పెడుతూ వచ్చింది. రెండు పేర్ల పక్కన ఆ రాత్రి టిక్కు పడలేదు. ఆ ఇద్దరినీ రిమాండుకు పంపారు. నల్గొండ తండ్రి బిడ్డ పదకొండింటికి బయటికొచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు, చున్నీకి ఎర్రమట్టి. ఆయన ఏమీ అడగలేదు. తన చెప్పులు విడిచి ఆమె ముందు పెట్టాడు. ఎవరో పులిహోర ప్లేటు చేతికిచ్చారు. రెండు ముద్దలు తిని, లైటు పట్టుకుని నిలబడ్డ నా వైపు చూసి, "జేసీబీలు ఆగినయా అంకుల్?" అంది.

"ఆగలేదమ్మా."

ప్లేటు మెట్ల మీద పెట్టి తండ్రి వైపు తిరిగింది. "బాపూ, నన్ను ఇంటికి కాదు, యూనివర్సిటీ గేటు కాడ దింపు" అంది. ఆయన వట్టికాళ్లతోనే ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాడు.